కిటికీలోంచి అందించిన బిడ్డ

చంకలో పిల్ల, చేతిలో సూట్‌కేసు పెట్టుకుని ఎయిర్‌పోర్ట్‌కు బస్సులో పోదామని ఏ తల్లీ అనుకోదు. మాజిదా మాత్రం అనుకుందా? కందుకూరులో మాట్లాడుకున్న కారువాడు వాన చూసి ఆఖరు నిమిషంలో రానన్నాడు. దమ్మామ్‌లో ఉన్న భర్త షుజాత్ దగ్గరికి పిల్లలతో ఇదే మొదటి ప్రయాణం. తమ్ముడు రాహిల్‌కు ఫోన్ చేస్తే, "పరేషాన్ కాకు అక్కా. బస్సెక్కు. నేను అత్తాపూర్ నుంచి సీదా ఎయిర్‌పోర్ట్‌కే వస్త" అన్నాడు. ఇగ చేసేదేముంది! అత్త సాయం పట్టి సామానంతా బస్సులోకి తోసింది.

వారం రోజులు సర్దిన సామాను అది. మామిడికాయ తొక్కు, పిల్లల స్వెట్టర్లు, దగ్గు మందు, ఆఖరికి మిక్సీ కూడా. ఎడారి దేశానికి స్వెట్టర్లెందుకని ఎవరడిగినా వింటేగా! ఇప్పుడా సూట్‌కేసులే మోకాళ్లకు అడ్డంగా ఇరుక్కున్నాయి. ఆరేళ్ల ఆకిఫ్ ఒకదాని మీద నవాబులా కూర్చున్నాడు. ఏడాదిన్నర ఐమన్ ఒళ్లో నిద్రపోతోంది. ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవాయె, బస్సు కిక్కిరిసిపోయింది. కిటికీ పక్క సీటు దొరికిందని మాజిదా మురిసింది గానీ, లేవాలన్నా లేవలేని సీటది.

"అమ్మీ, విమానంల కిటికీ సీటు నాదే."

"నీదేలే. జర సప్పుడు చెయ్యకు, చెల్లె లేస్తది."

తుక్కుగూడ దగ్గర బస్సు నిదానమైంది. సందెవేళ మగ్రిబ్ అజాన్ అప్పుడే అయింది, వానకు చీకటి ముందే దిగింది. ఆ వానలోంచి రెండు చేతులు కిటికీ దాకా లేచాయి. చేతుల్లో తువ్వాల చుట్టిన పసిబిడ్డ.

"అక్కా, జర పట్టుకో. నేను ఎక్కుతున్న."

మన బస్సుల్లో ఇదేం వింత గనక? సీటు కోసం కిటికీలోంచి దస్తీ వేస్తాం, సంచి వేస్తాం, తోపులాటలో నలిగిపోతుందని పిల్లనూ అందిస్తాం. చేతికొచ్చిన పిల్లను కాదనే తల్లి ఉంటుందా? మాజిదా తీసుకుని రెండో తొడ మీద కూర్చోబెట్టుకుంది.

బస్సు కదిలింది. డ్రైవర్ లోపలి లైట్లు ఆర్పేశాడు. పిల్ల తల్లి మాత్రం రాలేదు.

కొత్త ఒడి అయితే ఏ పిల్లయినా గుక్కపట్టి ఏడుస్తుంది. ఇది ఏడవలేదు. మాజిదా చూపుడువేలు పట్టుకుని ఊరుకుంది. వానలో తడిసింది పాపం, అందుకే చల్లగా ఉందనుకుంది. కానీ ఆ చల్లదనం వేలులోంచి మోచేతి దాకా పాకింది. ఎన్నేళ్లుగానో తెరవని ట్రంకుపెట్టె వాసన... తడిసిన మన్ను వాసన... రెండూ కలిసి వస్తున్నాయి.

కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మాజిదా ఆమెను ఆపింది.

"అక్కా, తుక్కుగూడల ఎక్కినామె ఏది? బిడ్డను నాకిచ్చింది."

"ఆడ యాడ ఆగినం? జర నిదానమైనం, గంతే. ఎవ్వరెక్కలే."

"మరి గీ పిల్ల ఎవరి పిల్ల?"

కండక్టరమ్మ ఫోను లైటు ఒళ్లోకి కొట్టింది.

"ఉన్నది ఒక్క పిల్లనే గదనే? నీ బిడ్డనే గద?"

లైటు ఆరిపోయింది. మాజిదా తొడల మీద రెండు బరువులు అట్లాగే ఉన్నాయి. ఒకటి కొంచెం కొంచెంగా పెరుగుతోంది.

"బస్సాపుండ్రి!" అని అరిచింది. "పెద్ద రోడ్డు మీద యాడ ఆపుతరమ్మా" అని ఎవరో విసుక్కున్నారు. లేవబోయింది. సూట్‌కేసులు కదల్లేదు. వేలు గుంజుకోబోయింది. రాలేదు.

"అమ్మీ..." ఆకిఫ్ ఆమె మోకాలు తట్టాడు. "అది చెల్లెను గుంజుతున్నది."

బస్సు గుంతలో పడి ఎగిరింది. పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. చున్నీ కింద చిన్న చిన్న చేతులు పెనుగులాడాయి. మాజిదా రెండు చేతులా తడిమింది. ఇద్దరి జుట్టూ తడిగా ఉంది. ఇద్దరి ఒళ్లూ చల్లగా ఉంది.

యా అల్లా... వీళ్లలో నా బిడ్డ ఏది?

శంషాబాద్ ఫ్లైఓవర్ కింద బస్సు మళ్లీ నిదానమైంది. కిటికీ దగ్గర అవే రెండు చేతులు. అదే గొంతు.

"అక్కా... నా బిడ్డను నాకియ్యి."

అప్పుడు గుర్తొచ్చింది ఇమామ్ జామిన్! ప్రయాణంలో కీడు తగలకుండా, రూపాయి బిళ్ల కుట్టిన పట్టీని అత్త ఇద్దరు పిల్లల జబ్బకూ దువా చదివి మరీ కట్టింది. మాజిదా చీకట్లో తడిమింది. ఒక జబ్బ మీద ఏమీ లేదు. ఇంకో జబ్బ మీద బిళ్ల తగిలింది. ఇదే నా తల్లి, ఇదే నా ఐమన్! పట్టీ ఉన్న పిల్లను గుండెకు అదుముకుని, లేని పిల్లను కిటికీలోంచి ఆ చేతుల్లో పెట్టేసింది.

పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఏడుపు తన్నుకొచ్చింది. బస్సు వేగం అందుకుంది.

"అక్కా!"

కిటికీ పక్కనే ఆ ఆడమనిషి పరుగెత్తుతోంది. బస్సు ఎంత ఉరికితే అంత ఉరుకుతోంది.

"అక్కా! ఇది నా బిడ్డ కాదు! తీస్కో... తీస్కో అక్కా!"

ఆమె రెండు చేతులా పైకెత్తి పట్టుకున్న పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎదురుగా వచ్చిన లారీ వెలుగు ఆ ముఖం మీద పడింది. ఐమన్ ముఖం. మాజిదా ఒళ్లోకి చూసింది. అక్కడా ఐమన్ ముఖమే.

"అమ్మీ! అమ్మీ!" బయటి పిల్ల చేతులు చాపింది.

మాజిదా ముందుకు వంగబోయింది. ఒళ్లోది, ముడి వీడిన పట్టీ వేలాడుతున్న ఒక చెయ్యి ఆమె మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది.

రెండో చేత్తో, మెల్లగా, కిటికీ అద్దం మూసింది.