సభకెక్కిన బిడ్డ

శనివారం పొద్దున ఓట్స్ జావ అడుగంటింది. పొయ్యి దగ్గరున్నది కాలిన్. పాపం, అతని తప్పేమీ లేదు. వంటింటి బల్లకు ఒక పక్క భార్య, ఇంకో పక్క అత్తగారు కూర్చుని, ఎవరి ఉపన్యాసం మీద వాళ్ళు పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ ఉంటే, మధ్యలో గరిటె పట్టుకున్న మగవాడికి చేతులెలా ఆడతాయి?

"మాడిన వాసన," అంది థెల్మా తల ఎత్తకుండా.

"జావే అత్తయ్యా. ఇల్లు ఇంకా అంటుకోలేదు."

"దానికింకా టైముంది," అంది లోర్నా.

పదకొండు గంటలకు హాలిఫాక్స్ ఊరి హాలులో సభ ఉంది. పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో తమకు రాసినది తమది కాదనే పిల్లలు కొందరుంటారు. వాళ్ళలో ఎదిగే వయసులో ఉన్నవాళ్ళకు, ఒంట్లో ఆ వయసు మార్పులు రాకుండా ఆపే మందులు ఇవ్వడం ప్రభుత్వం ఆపేసింది. ఆపడమే మంచిదని థెల్మా మాట్లాడబోతోంది. అది అన్యాయమని లోర్నా మాట్లాడబోతోంది. తల్లీకూతుళ్ళు ఒకే వేదిక మీద ఎదురెదురుగా నిలబడతారని ఊళ్ళో నాలుగు రోజులుగా చెప్పుకుంటున్నారు. కోడిపందెం లేని ఊరు, జనానికి ఏదో ఒకటి కావాలి కదా.

థెల్మాకు డెబ్బై రెండేళ్ళు. ఆడదాన్ని ప్రేమించిన ఆడది. ఆ ఒక్క కారణం చేత నలభై రెండేళ్ళ క్రితం ఒక జడ్జి ఆమెను తల్లిగా పనికిరావన్నాడు. ఆరేళ్ళ లోర్నాను లింకన్‌లో ఉండే తండ్రికి అప్పగించి, ఆమెకు నెలకొక శనివారం మిగిల్చాడు. ఆ రోజు కోర్టు మెట్లు దిగిన థెల్మా మళ్ళీ ఇంట్లో కూర్చోలేదు. ఊరేగింపులు, ధర్నాలు, మైకులు, పోలీసు వ్యాన్లు. తనలాంటివాళ్ళు ఇవాళ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని పెంచుకుంటున్నారంటే అందులో ఆమె గొంతు అరుగుదల కూడా ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. థెల్మా రచ్చ గెలిచింది, ఇంటి సంగతి చూసుకునే తీరిక దొరకలేదు. తోడుగా బతికిన డోరీన్ పోయాక, తుంటికి ఆపరేషన్ అయ్యాక, పోయిన శరదృతువులో కూతురి ఇంటి ముందుగదికి వచ్చి చేరింది.

మేడ మీది నుంచి తను వాయించే కార్నెట్ బూర పెట్టె పట్టుకుని ఎల్లిస్ దిగాడు. పదిహేనేళ్ళు. పుట్టినప్పుడు ఆడపిల్లని రాశారు. పన్నెండో ఏటి నుంచి తాను అబ్బాయినని చెబుతున్నాడు. ఆ మాట తల్లి నమ్మింది, అమ్మమ్మ నమ్మలేదు, తండ్రి ఏమీ అనకుండా బ్యాండు ప్రాక్టీసుకు కారులో దింపి వస్తుంటాడు. కథ చెప్పేవాళ్ళకు ఇందులో గోడ మీద పిల్లిలా కూర్చునే వీలు లేదు. వాడు ఎలా పిలవమన్నాడో అలాగే పిలుస్తున్నాను.

"అమ్మమ్మా, ఇవాళ నా గురించి మాట్లాడవుగా?"

"నీ గురించి ఎందుకే? నాకు వేరే సంగతుల్లేవా?"

ఆ 'ఏ' అన్నప్పుడల్లా వాడి భుజాలు కాస్త బిగుసుకుంటాయి. ఇవాళా అంతే.

"నువ్వమ్మా?"

"ప్రాణం పోయినా మాట్లాడను నాన్నా. ఒట్టు."

"సభ కింద, మా ప్రాక్టీసు పైన. బ్యాండులో ఎవరికీ తెలీదు. ఈ ఊరొచ్చాక చేరాను కదా, అక్కడ నేను రెండో కార్నెట్ వాయించేవాణ్ణి, అంతే. తప్పు వాయిస్తే మాస్టారు నన్నూ తిడతాడు, అందరితో పాటే. ఆ ఒక్క చోటు నాకు వదిలెయ్యండి."

"వీళ్ళు నోరు జారితే హాలు కరెంటు నేనే పీకేస్తాలే," అన్నాడు కాలిన్. ఎల్లిస్ నవ్వి, మాడిన జావ రెండు చెంచాలు తిని వెళ్ళిపోయాడు. కాలిన్ ఆ మాట సరదాకే అన్నాడు.

హాలు కిటకిటలాడింది. బయట సన్నటి వాన, లోపల తడి కోట్ల ఉక్క. గాలి ఆడడం లేదని ఎవరో వెనక తలుపులు బార్లా తెరిచారు. అవి మెట్లవైపు తలుపులు.

థెల్మా చేతికర్ర బల్లకానించి మైకు ముందుకొచ్చింది. మొదట బాగానే మాట్లాడింది. "నాకు పదిహేనేళ్ళప్పుడు గౌను వేసుకోమంటే ఏడ్చేదాన్ని. నన్ను చూసి అద్దమే సిగ్గుపడేది. అప్పుడు ఎవరైనా వచ్చి, నువ్వు అసలు ఆడదానివే కాదు, ఇదిగో మందు అంటే గటగటా తాగేదాన్ని. ఒంటి మీద కోపం తగ్గడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళూ ఈ పిల్లలకు ఇవ్వమంటున్నాను."

ముందు వరసల్లో కొందరు తలలూపారు. వెనక ఒకతను గట్టిగా ఆవులించాడు. థెల్మా అది చూసింది. సగం జీవితం మైకుల ముందు గడిపిన మనిషికి, చేయి జారుతున్న సభ ఏమిటో తెలుసు. పట్టుకునే ఉపాయమూ తెలుసు. జనానికి వాదన చెబితే కునుకు తీస్తారు, ఒక మనిషిని చూపిస్తే లేచి కూర్చుంటారు. ఉద్యమంలో పుట్టిన ప్రతివాళ్ళూ ఉగ్గుపాలతో నేర్చుకునే పాఠం అది. లోర్నాకు ఆ పాఠం చెప్పిందీ థెల్మానే.

"ఇది నేనెక్కడో చదివి చెప్పడం లేదు," అంది థెల్మా. "మా ఇంట్లోనే ఒక పిల్ల ఉంది. పొట్టి జుట్టు, వాళ్ళ నాన్న చొక్కాలు. అచ్చం నేనే. దాన్ని చూసినప్పుడల్లా..."

లోర్నా కుర్చీలోంచి లేచిన సంగతి ఆమెకే తెలియదు.

"మాటిచ్చావమ్మా!"

"పేరు చెప్పలేదు కదా."

"మనింట్లో ఎంతమంది పిల్లలున్నారు? చెబుతావా, అయితే పూర్తిగా చెప్పు! నువ్వు అచ్చం నేనే అంటున్న ఎల్లిస్, పోయిన చలికాలం ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రిలో పడుంటే, తెల్లారేదాకా ఉంటాడో ఉండడో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. మూడేళ్ళ నుంచి ఇలాంటి పిల్లల్ని చూసే క్లినిక్కు నుంచి పిలుపు కోసం ఎదురు చూస్తున్నాం. ఆగండి ఆగండి అంటారే, ఆగడం కూడా ఒక మందే. దాన్ని బలవంతంగా తాగిస్తున్నది మీరు!"

హాలంతా చప్పట్లు మోగాయి. ఎడమవైపు వాళ్ళు లోర్నాకు, కుడివైపు వాళ్ళు థెల్మాకు. తెరిచిన తలుపుల అవతల, ప్రాక్టీసు ముగించుకుని మెట్లు దిగుతున్న బ్యాండు పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగి ఉన్నారు. తుంటి నొప్పి మనిషి వేదిక మెట్లు దిగలేదని, అమ్మమ్మకు చెయ్యి అందించడానికి అందరికంటే ముందు దిగిన ఎల్లిస్ గుమ్మంలోనే ఉన్నాడు. వెనక నుంచి ఒక పిల్ల, "ఎల్లిస్ అంటే... మన ఎల్లిసా?" అంది. వాడు కార్నెట్ పెట్టెను మెట్టు మీద పెట్టి, వానలోకి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఎల్లిస్ కోటుతోనే నిలబడి ఉన్నాడు. పక్కన బట్టల సంచీ. కాలిన్ కార్నెట్ పెట్టె బల్ల మీద పెట్టాడు. వాడు దాని వంక చూడలేదు.

"బంగారం, నేను పేరు చెప్పలేదు..." అని థెల్మా మొదలెట్టింది.

"అమ్మ చెప్పిందిగా. ఇద్దరూ కలిసి పూర్తి చేశారు."

"నీకోసమే కదా నాన్నా కొట్లాడేది," అంది లోర్నా.

"నాకోసమా? ఆసుపత్రి సంగతి హాలంతా వినేలా అరిచింది నాకోసమా? ఆ రోజు ఎందుకలా చేశానో నన్నెప్పుడైనా అడిగావా అమ్మా?"

"నాకు తెలుసు..."

"నీకు తెలుసు. మందులు దొరక్క. అమ్మమ్మకూ తెలుసు. ఇంటర్నెట్ చూసి చెడిపోయి. నాకే ఇంతవరకూ సరిగ్గా తెలీదు. మీకెలా తెలిసింది?"

ఎంతెంత పెద్దవాళ్ళకో జవాబులు చెప్పిన ఇద్దరు ఆడవాళ్ళు పదిహేనేళ్ళ పిల్లవాడి ముందు నేలచూపులు చూశారు.

"చప్పట్లు బాగా కొట్టారు. ఇద్దరూ గెలిచారు," అన్నాడు ఎల్లిస్. "నాన్నా, నన్ను బ్రెండా అత్త వాళ్ళింట్లో దింపు. వాళ్ళింట్లో అందరూ కుక్కల గురించి మాట్లాడుకుంటారు."

కాలిన్ తాళాలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, పెళ్ళయ్యాక మొదటిసారి, భార్య మీదా అత్తగారి మీదా ఒకే మాటుగా గొంతెత్తాడు. "వాడు అడిగింది ఒక్కటి. ఒక్కటి!" అని తలుపు వేసుకుని వెళ్ళాడు.

కారు చప్పుడు దూరమయ్యాక, ఊహించినట్టే, తల్లీకూతుళ్ళు తిట్టుకున్నారు.

"మొదలెట్టింది నువ్వు."

"పేరు పెట్టి అరిచింది నువ్వు."

"నువ్వు నేర్పిన విద్యేగా! ఒక మనిషిని చూపించాలి అంటావుగా! నన్నూ అలాగే చూపించావుగా!"

"నిన్నెప్పుడు చూపించానే?"

లోర్నా కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ మింగిన మాట ఇక గొంతులో నిలవలేదు.

"నాకు తొమ్మిదేళ్ళు. నీ శనివారం. ఆ రోజంతా నీతో గడుపుతానని నెలంతా ఎదురు చూశాను. నువ్వు లీడ్స్‌లో సభకు తీసుకెళ్ళి వేదికెక్కించి, 'మా అమ్మను నాకివ్వండి' అని రాసిన అట్ట నా చేతికిచ్చావు. పేపర్లో ఫోటో పడింది. సోమవారం లింకన్‌లో బడికెళ్ళాను. బాత్రూములో తోసి, తలుపు మూసి కొట్టారమ్మా. పెదవి చిట్లింది. నాన్నకు పడిపోయానని చెప్పాను. మరుసటి నెల నీకూ అదే చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు గెలుస్తున్నావుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అందుకే మరీ గుచ్చుకుంది. థెల్మా పోరాటం న్యాయమైనదే. ఆ అట్ట మీది మాట ముమ్మాటికీ నిజమే. అయినా ఆ అట్ట పట్టుకున్న చేతులు తొమ్మిదేళ్ళవి.

"అన్నీ తెలిసి, ఇవాళ నేనూ అదే చేశాను," అని లోర్నా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

ఆ వారం మంచి కబురు ఒక్కటీ రాలేదు. ఎవరో ఫోనులో తీసిన వీడియోను రెండు పక్షాలూ తమకు కావలసిన ముక్క కత్తిరించుకుని ఊరూరా పంచుకున్నాయి. రేడియో వాళ్ళు తల్లీకూతుళ్ళను కలిపి మాట్లాడించాలని ఫోను చేస్తే, థెల్మా బతుకులో మొదటిసారి మైకు వద్దంది. బ్యాండు మాస్టారు మంచివాడు, తనే వెళ్ళి ఎల్లిస్‌ను ప్రాక్టీసుకు పిలుచుకొచ్చాడు. ఆ ఒక్క రోజే వెళ్ళాడు. "రెండుసార్లు తప్పు వాయించాను నాన్నా. తిట్టలేదు. అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు," అన్నాడట. మళ్ళీ వెళ్ళలేదు.

ఆదివారం ఇద్దరూ హడర్స్‌ఫీల్డ్‌లో ఉన్న బ్రెండా ఇంటికి వెళ్ళారు. ఎల్లిస్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మనకుండా, కుక్క మెడపట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మందుల విషయంలో నా అభిప్రాయం మారలేదు," అంది థెల్మా. "అబద్ధం చెప్పను. కానీ నిన్ను చూపించి నేను మాట్లాడకూడదు. తప్పు చేశాను."

"నేనింకా పెద్ద తప్పు చేశాను," అంది లోర్నా.

"ఇక నా గురించి ఎక్కడా చెప్పరా? మంచికైనా సరే?"

"చెప్పం."

"నమ్మను."

"నమ్మొద్దు నాన్నా. చూస్తూ ఉండు."

వాడు చాలాసేపు కుక్క చెవులు నిమిరాడు. "ఇవాళ రాను," అన్నాడు చివరికి. "వచ్చే ఆదివారం మళ్ళీ రండి. ఇద్దరూ." తలుపు మెల్లగా మూసుకుంది.

తిరుగు దారిలో వాన పట్టుకుంది. లోర్నా ఏడుస్తూనే కారు నడుపుతోంది. పక్క సీట్లో థెల్మా ఎప్పటినుంచో ఏదో అడగాలని నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది.

"లోర్నా. ఆ లింకన్ బడిలో నిన్ను కొట్టిందెవరే?"

"ఇప్పుడెందుకమ్మా? నలభై ఏళ్ళయింది."

"అప్పుడు అడగలేదు కదా. ఏం జరిగిందో చెప్పు తల్లీ. వింటాను."

లోర్నా కారును రోడ్డు పక్కకు ఆపింది. ముక్కు తుడుచుకుని, ఆ సోమవారం పొద్దున బడి గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పసాగింది. థెల్మా కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. చివరిదాకా ఒక్క మాటకూ అడ్డం రాలేదు.