బూడిద కలిపిన విత్తనాలు

సర్కారు ఉప్పు తింటూ సర్కారు మాట కాదన్న మనిషి చేసింది పాపమా, పుణ్యమా? మూడేళ్ళుగా రామాయమ్మను ఆ సందేహం వదలలేదు. కోటప్పకొండ స్వామిని అడిగింది. ఆయనా పలకలేదు... ఇంట్లో ఉన్న ఈయనా పలకడు!

జపానువాళ్ళు వచ్చేస్తున్నారనీ, వాళ్ళ చేతికి గింజ కూడా చిక్కకూడదనీ, బర్మా సరిహద్దులో ఒక పల్లెను తగలబెట్టమని దొర హుకుం చేశాడట. పటాలంలో సిపాయిగా ఉన్న ఆమె భర్త బసవపున్నయ్య కాగడా కింద పెట్టేశాడట. పటాలంవాళ్ళు జైల్లో వేసి, ఆనక పింఛను లేకుండా ఇంటికి తోలారు. ఊళ్ళో పిరికివాడన్నారు. ఎందుకు చేశావని ఎవరడిగినా మూతి బిగించుకుని పలుపుతాళ్ళు పేనుకుంటూ కూర్చునేవాడు. కట్టెయ్యడానికి కొట్టంలో పశువేదీ? ఆ తాళ్ళు చూస్తేనే రామాయమ్మకు ఒళ్ళు మండేది.

ఆయన జైల్లో ఉన్న ఏడు తోటికోడలు పుల్లమ్మ దగ్గర గంపెడు విత్తనపు జొన్నలు బదులు తెచ్చుకుంది. పుల్లమ్మ ఇచ్చింది, ఇస్తూ అనవలసినవన్నీ అంది. ఆపైన వానలు సరిగా లేవు. ఆ గంపెడు తీర్చలేక రామాయమ్మ ఆ వీధిన నడవడమే మానేసింది.

ఈ వేసవికి ఇంట్లో మిగిలింది, పురుగు పట్టకుండా బూడిద కలిపి పేడతో మూతి అలికిన ఒక్క విత్తనాల కుండ. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే వినలేక, వండి పెడదామని దాన్నే కిందికి దింపింది. బసవపున్నయ్య వచ్చి కుండమీద చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోమాక."

"ఏందయ్యా ముట్టుకోమాకనేది? ఎవరి గింజలో కాపాడొచ్చి, నీ పిల్లల్ని పస్తు పెడతావా? నీ మంచితనమంతా బయటోళ్ళకేనా?"

అతను కుండ మూతిమీది ఎండిన పేడను వేళ్ళతో తడిమాడు.

"ఆ పల్లెలో కూడా ఇట్టాంటి కుండే ఉంది రామీ... బూడిద కలిపి, పేడతో అలికి. పేడమీద ఆడమనిషి వేళ్ళ గుర్తులు. ధాన్యం కాలిస్తే ఒక ఏడు పస్తుంటారు. విత్తనం కూడా కాలిస్తే ఇంకేం విత్తుకుంటారు? నాకు చెయ్యి రాలా."

రామాయమ్మ తన కుండ వంక చూసింది. ఎండిన పేడమీద తన వేళ్ళే!

"ఈ ముక్క చెప్పటానికి మూడేళ్ళు కావాల్సొచ్చిందా నీకు?" అని కసురుతూనే ఏడ్చేసింది. లంకను తగలబెట్టమని రాములవారు కూడా చెప్పలేదు కదా అనుకుంది... కుండను ఎప్పటి చోటనే పెట్టి, ఆ పూటకు చేలగట్ల వెంట ఆకుకూర కోసుకొచ్చి పిల్లలకు ఉడికించి పెట్టింది.

తొలకరి బాగా పడింది. బదులు ఎద్దులతోనే విత్తారు. పంట చేతికి రాగానే రామాయమ్మ మంచి కంకుల గింజలు గంపకు ఎత్తుకుని, మానేసిన ఆ వీధిన నడిచింది. కుండ సంగతంతా గుమ్మంలోనే చెప్పింది.

పుల్లమ్మ గుప్పెడు గింజలు తీసి ఊదింది. "పొల్లు కలపలేదుగా?"

"మీ మరిది ఒక్కో కంకీ ఏరాడక్కా."

పుల్లమ్మ గుప్పెట్లోని గింజలు తిరిగి గంపలో పోసింది. లోపలికి వెళ్ళి కుండ, బూడిద, పేడ తెచ్చింది. గంప ఖాళీ అయ్యాక కుండను ఇటు జరిపి, "మూతి నువ్వే అలకవే," అంది.

పచ్చి పేడమీద రామాయమ్మ అయిదు వేళ్ళూ పడ్డాయి.