గాలి ఆపిన మధ్యాహ్నం

సాయంత్రానికి తుఫాను చెన్నై పక్కనే తీరం దాటుతుందని పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నారు. ల్యాబ్‌లో వాళ్ళంతా భోజనాలు కాగానే ఇళ్ళకు బయలుదేరారు. రంజని మాత్రం ఆగిపోయింది. ఆ ఉదయమే ఆస్పత్రి నుంచి ఐసుపెట్టెలో చిన్న మెదడు ముక్క ఒకటి వచ్చింది. లోపలి గడ్డను తియ్యాలంటే దారిలో ఎలాగూ కోసి తీసేయాల్సిన ముక్క అది. రోగి ఒప్పుకుని సంతకం పెడితేనే ఇస్తారు. పేరు మాత్రం చెప్పరు. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా అది ఒక్క రోజుకు మించి బతకదు. వదులుకుంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు.

రంజని దాన్ని పల్చటి పొరలుగా కోసి, ఒక పొరను గాజుగిన్నెలో పరిచింది. చిన్న మోటారు తోస్తుంటే, సీసాలోని గోరువెచ్చని ఉప్పునీళ్ళు సన్నటి గొట్టంలోంచి దాని మీదుగా పారుతుంటాయి. ఆ నీళ్ళలో ఆక్సిజన్ కలుస్తూ ఉన్నంతసేపూ, ఒంట్లోంచి బయటపడ్డా ఆ కణాలు బతికే ఉంటాయి. ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. అది వినడానికి వెంట్రుకలాంటి తీగ ఒకటి గుచ్చి, చిన్న స్పీకరుకు తగిలించింది. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినబడుతుంది.

ఆక్సిజన్ ఆపితే ఆ చిటపటలు ఒక్కసారిగా పెరిగి, అలలా లేచి, ఆగిపోతాయి. నెత్తురు అందని మెదడులో జరిగేదీ ఇదే. నడిమధ్య కణాలు చచ్చిపోతాయి. అంచున ఉన్నవి మాత్రం వెంటనే చావవు. అలాగని పని చెయ్యవు. నోరు మూసుకుని కాచుకుని ఉంటాయి. వాటిని ఎంతసేపటి దాకా వెనక్కి పిలవచ్చన్నదే రంజని పరిశోధన.

ఆమెకది ఒట్టి ఉద్యోగం కాదు. తల్లి లేని రంజనిని పెంచింది మేనత్త కనకవల్లి. పెరంబూరులో పంతులమ్మగా పనిచేసి, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడిన మనిషి. పోయిన ఆషాఢంలో పక్షవాతం వచ్చి స్నానాల గదిలో కూలబడింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. అప్పట్నుంచి "ఊ" తప్ప ఇంకో శబ్దం లేదు. పగలంతా ఆమెను కనిపెట్టుకుని ఉండేది తొండియార్‌పేట నుంచి వచ్చే లూర్దుమేరి.

"కింద నీళ్ళు చేరతా ఉండాయంట అక్కా. జనరేటర్ చూసేసి వస్తా," అని ల్యాబ్ సహాయకుడు జెబరాజ్ దిగి వెళ్ళాడు.

రంజని ఒక్కతే మిగిలింది. మధ్యాహ్నమే అయినా కిటికీ అవతల మసి పూసినట్టుంది. గదిలో స్పిరిట్ వాసన, తడిసిన గోడల వాసన. వాన అద్దాల మీద పిడికిళ్ళతో కొడుతున్నట్టుంది. ఆమె ఆక్సిజన్ మీట తిప్పి ఆపింది. చిటపటలు పెరిగాయి. అల లేచింది. ఆగింది.

ఫోన్ మోగింది.

"పాపా! అత్త మాట్లాడినారు పాపా! ఏసు సత్యంగా!" లూర్దుమేరి అరుస్తోంది. "'ఊపిరాడలేదు, మూత తియ్యండి' అనిరి. ఈడ ఏ మూతా లేదు పాపా. కిటికీ కూడా తెరిచే ఉండాది."

రంజనికి కళ్ళు చెమర్చాయి. ఫోను చెవికి ఆనించుకునే, అలవాటు ప్రకారం మీట తిప్పి గాలి వదిలింది. స్పీకరులో ఒక్కో ఆవగింజా చిట్లడం మొదలైంది.

"అత్తకివ్వు లూర్దక్కా, మాట్లాడతాను."

"గమ్మునైపోయినారు పాపా. మళ్ళా ఊ అంటా ఉండారు."

రెండోసారి ఆపేటప్పటికి రంజని మనసులో ఏ అనుమానమూ లేదు. కొలతలకు రెండోసారి చెయ్యాలి, అంతే. అల లేచి ఆగిన మరుక్షణం ఫోను మోగింది. ఈసారి లూర్దుమేరి ఏమీ అనకుండా దాన్ని అత్త నోటి దగ్గర పెట్టింది.

"సీకటిగున్నాది..."

గొంతు అత్తదే. ఆ చిన్న బొంగురు కూడా అత్తదే. కానీ ఆ మాట...

"ఊపిరాడట్నేదు తల్లీ... ఎవులిదా సెయ్యి? ఎందుకలగ ఆపేత్తన్నావు?"

కనకవల్లి పుట్టింది పెరంబూరు, పెరిగింది పెరంబూరు. ఈడ, ఆడ అనే మనిషి. ఈ యాసలో ఒక్క మాట ఆమె నోట ఏనాడూ రాలేదు. రంజని చూపు మీట మీద ఉన్న తన చేతి మీద పడింది. చప్పున తిప్పింది. నీళ్ళు బుడబుడలాడాయి. ఫోనులో గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది.



అక్కడితో ఆపేసి ఉంటే వేరు. కానీ ఇన్ని నెలలుగా ఆ గొంతు కోసం మొహం వాచిపోయి ఉంది. ఆ నోరు తెరుచుకుంది కదా, లోపలెక్కడో అత్త కూడా ఉండే ఉంటుంది కదా... అనిపించింది. ఫోను స్పీకరులో పెట్టింది. ఈసారి కొలతల కోసం కాదు. తెలిసే, మీట తిప్పి గాలి ఆపింది.

"అత్తా... నేను, రంజనిని."

వాన చప్పుడు. ఎవరో కష్టంగా పీల్చుకుంటున్న ఊపిరి.

"మీ యత్తా?" అంది ఆ గొంతు మెల్లగా. "ఉన్నాది. నా ఎనకాలే నిలబడ్డాది. సానామంది ఉన్నారిక్కడ. ఎవులూ మాటాడరు... అలగ సూత్తన్నారు."

రంజని చెయ్యి గాలి వదలడానికి మీట మీదికి పోయింది. తిప్పింది.

అప్పుడే కరెంటు పోయింది.

సీసాలో ఆక్సిజన్ బుడగలు వస్తూనే ఉన్నాయి. కానీ ఆ నీళ్ళను గిన్నెలోకి తోసే మోటారు ఆగిపోయింది. గది చీకటి గుయ్యారమైంది. ఫోను వెలుగొక్కటే.

"పాపా!" లూర్దుమేరి కేక. "పెదాలు నీలమైపోతా ఉండాయి! గొంతు పట్టుకోనుండారు... కుడిచేత్తో పాపా! ఆ పడిపోయిన చేత్తో!"

రంజని తడుముకుంటూ సిరంజి అందుకుంది. సీసాలోంచి నీళ్ళు లాగింది. గిన్నె మీదికి వంగి ఒక్కో చుక్కా వదిలింది. మళ్ళీ లాగింది. మళ్ళీ వదిలింది.

"ఇంకాస్త..." అంది ఫోనులో గొంతు. "ఇంకాస్త... నన్నొగ్గీకు తల్లీ..."

"వదల్ను. వదల్ను."

"నానెల్లిపోతే... నా ఎనకున్న ఈవిడొచ్చెత్తాది..."

లైను తెగిపోయింది.

జెబరాజ్ మోకాళ్ళ దాకా తడిసి, టార్చితో పైకి వచ్చేసరికి ఆమె ఇంకా చుక్కలు వదులుతూనే ఉంది. అతను గిన్నె మీదికి వెలుగు వేశాడు. పొర పాలిపోయి, అంచుల్లో కరిగిపోతోంది.

"అయిపోయింది అక్కా. చాలించు," అని సిరంజిని ఆమె వేళ్ళలోంచి విడిపించాడు.

రోడ్లన్నీ మునిగిపోయాయి. మర్నాడు గానీ ఆమె పెరంబూరు చేరలేకపోయింది. దారి పొడుగునా లూర్దుమేరికి ఫోను చేస్తూనే ఉంది, కలవలేదు. గుమ్మంలో అడుగుపెడితే, కనకవల్లి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమే, ఇంతగా తడిసినావు? ఈడ తువాలుండాది, తల తుడుచుకో."

రంజని ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అంచున ఉన్న కణాలు ఆలస్యంగా కోలుకుని ఉంటాయన్నారు డాక్టరు. రంజని కూడా అంతేనని తల ఊపింది. తుఫాను పూట ఫోనులో ఏం విన్నదో ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత జెబరాజ్ ఆ ముక్క పంపిన ఆస్పత్రికి వెళ్ళి వచ్చాడు.

"ఆ ముక్క ఇచ్చినామె శ్రీకాకుళం పక్క నించి కట్టడం పనికి వచ్చినామెంట అక్కా. ఆపరేషన్ బాగానే అయ్యిందంట, లేచి నడస్తా ఉండాది. మాట ఒక్కటే రాలేదంట. మాటకు సంబంధించిన చోటు తాకనే లేదే, ఎందుకు పోయిందో అర్థం కాలేదంటా ఉండారు డాక్టర్లు."

రంజని ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఆమెను వెళ్ళి చూడాలనుకుంది. చూసి ఏం చెప్పాలి? ఎవరి మాట ఎవరికి తిరిగివ్వాలి? వెళ్ళలేదు.

ఆదివారం అత్తను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వుతోంది. ఎండ బాగా కాస్తోంది. కనకవల్లి పక్కింటి వాళ్ళ మీద ఏదో ఫిర్యాదు చేస్తూ నవ్వుతోంది. ఎడమచెవి పైన దువ్వెన పళ్ళకు ఏదో గట్టిగా తగిలి ఆగిపోయింది. రంజని జుట్టు పక్కకు తీసింది.

చెవి మీద నుంచి నడినెత్తి దాకా వంపు తిరిగిన కోత. నల్లదారంతో వేసిన కుట్లు. అంచుల్లో ఎర్రటి తడి.

కనకవల్లి తలకు ఏనాడూ కత్తి తగల్లేదు.

"లూర్దక్కా..." అని పిలిచింది రంజని. ఆమె వచ్చి చూసి, చేతిలో గిన్నె జారవిడిచింది. "నిన్న నేనే తల దువ్వితి పాపా... ఏమీ లేదు పాపా..."

కనకవల్లి నవ్వడం ఆపింది. కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేచి, రంజని వేళ్ళను అక్కణ్ణుంచి తొలగించింది.

"ఆడ తాకొద్దే," అంది తన మామూలు గొంతుతోనే. "ఇంకా పచ్చిగా ఉండాది."