చదవకుండా చెరిపిన కోడ్

"ఈ లైట్ ఒక్కటి ఆర్పేయండి చాలు, నేను క్లాసుకు వెళ్లాలి," అంది ఆమె, కారు దిగకుండానే.

ఆ షెడ్డులో అనకూడని మాట అదొక్కటేనని పాపం ఆమెకు తెలియదు. అక్కడి మెకానిక్‌ను అందరూ కోడ్ డాక్టర్ అంటారు. ఇంజిన్ లైట్ వెలిగిన బండి వస్తే స్కానర్ తగిలించి, ఏం తేడా చేసిందో బండి రాసిపెట్టుకున్న కోడ్ చదివి, వైర్లూ గొట్టాలూ ఒక్కొక్కటే తడిమి చూసి, అప్పుడుగానీ ఏ పార్టు కొనాలో చెప్పడు. ఆ పద్ధతంటే అతనికి పట్టుదల, పట్టుదలకు మించిన గర్వం. కోడ్ చెరిపేస్తే లైట్ ఆరుతుందిగానీ జబ్బు పోదంటాడు. గోడమీద ఎర్రరంగుతో రాయించి పెట్టాడు కూడా: కోడ్ చదవకుండా చెరపరాదు.

"ఇది ఆర్పే దీపం కాదు మేడమ్, కంప్లైంటు," అన్నాడు. "ఎవరైనా కంప్లైంటు రాసిస్తే చదవకుండా చించేస్తారా?"

"మా ఓనరయితే చించేస్తారు."

అతనికి నవ్వొచ్చింది కానీ బింకంగా ఆపుకున్నాడు. ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. రోజుకు వందసార్లు "క్లచ్, క్లచ్" అని అరుస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లు ఆమెకు క్లచ్ మేడమ్ అని పేరు పెట్టారు.

"ఆక్సిజన్ సెన్సర్ రెండుసార్లు మార్పించాం," అంది. "వారం తిరిగేసరికి లైట్ మళ్లీ ప్రత్యక్షం."

"సెన్సర్ ఏం పాపం చేసింది? ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా పోతోందని ఉన్నమాట చెప్పింది. చెప్పినందుకు దాన్నే పీకేశారు. గాలి ఎక్కడినుంచి దూరుతోందో ఒక్కరూ చూడలేదు."

బయట వాన అందుకుంది. రేకుల కప్పు కింద ఇద్దరూ బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజిన్ మీదికి వంగారు. ఒక రబ్బరు గొట్టం అడుగున సన్నగా చీలి ఉంది.

"ఇంతలా బుస్సుమంటోంది కదా, ఇన్నాళ్లూ వినపడలేదా మీకు?"

ఆమె తల ఒక పక్కకు తిప్పి, చెవి ఇంజిన్ దగ్గరగా పెట్టి, కాసేపు ఆగి, "ఇప్పుడు వినపడింది," అని నవ్వింది. అలా తల వాల్చి వినడం అతనికి తెగ నచ్చింది. ప్రేమించడానికి అంతకన్నా గట్టి కారణం ఉండాలని మీరంటారేమో. అతను అనలేదు.

గొట్టం మార్చాక లైట్ రాలేదు. ఆమె మాత్రం వస్తూనే ఉంది. ఒకరోజు టైర్లలో గాలి, ఇంకోరోజు వైపరు, మరోరోజు ఏ వంకా లేకుండా. మీరు కాస్తా నువ్వయింది.

"నిన్న రోడ్డు మీద పిలిస్తే పలకవేం? నాలుగుసార్లు అరిచాను. అందరూ తిరిగి చూశారు, నువ్వు తప్ప."

"ఏ పక్కనుంచి?"

"నీ ఎడమపక్కనే ఉన్నాను. ఏ పక్కయితే ఏంటి, పొగరుకు పక్కలుంటాయా?"

"ఉంటాయి. నా పొగరంతా ఎడమపక్కే," అని మాట మార్చేసింది.

ఫోన్ చేస్తే ఒక్కోసారి ఎత్తేది కాదు. ఏదో చెప్పబోయి ఆగిపోయేది. అతను గుచ్చి అడగలేదు. బండి దగ్గుతుంటే పూటంతా దానికిందే పడుకునే మనిషి, ఎదురుగా ఉన్న పిల్ల మాట మింగేస్తుంటే గడుసుతనం అనుకుని మురిసిపోయాడు.

పెళ్లి మాట వచ్చింది. అతనికి పెద్దదిక్కు అన్నయ్యే. అన్నయ్యకు నచ్చితే చాలు, మిగతాది వదిన చూసుకుంటుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అన్నయ్య ఇంటికి వస్తానని ఆమె మాటిచ్చింది.

నాలుగయింది. అయిదయింది. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా నలగకుండా బిగదీసుకుని కూర్చున్నాడు.

"అమ్మాయికి ఇష్టమేనా? నువ్వొక్కడివే అనుకుంటున్నావా?" అన్నాడు చివరికి.

"ఊరుకోండి," అంది వదిన. "ఏం పని పడిందో ఏమో."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆరింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. చాలా పొడుగ్గా ఉంది. తెరమీద మొదటి వరస మాత్రం కనబడింది: "ఈ సంగతి నీకు ముందే చెప్పాల్సింది, భయపడి దాచాను..."

"ఏం రాసిందో చదవరా," అంది వదిన.

"ఒక్క వరస చాలు వదినా. ఇంకెవరో ఉన్నారు. సినిమా మొత్తం చూడక్కర్లేదు."

మెసేజ్ తెరవకుండానే చెరిపేశాడు. ఆ తర్వాత ఆమె నంబరు బ్లాక్ చేశాడు. మర్నాడు షెడ్డు తలుపు తీసి, ఆ ఎర్రక్షరాల కిందే నిలబడి ఎవరికో స్కానర్ తగిలించాడు. సిగ్గనిపించలేదు. కోపమున్న మనిషికి సిగ్గు వెంటనే రాదు.

నాలుగు నెలల తర్వాత డ్రైవింగ్ స్కూల్ కారు మళ్లీ షెడ్డుకొచ్చింది. తెచ్చింది వేరే టీచరు, నడివయసు మనిషి. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"మీ క్లచ్ మేడమ్ రాలేదేం?"

"ఆవిడ బండి మానేసి నాలుగు నెలలైంది కదా. ఎడమ చెవి పోయింది పాపం. ఏడాదినుంచీ తగ్గుతూ వస్తోందట, ఎవరికీ చెప్పలేదు. ఓ ఆదివారం క్లాసులో ఎడమపక్కనుంచి ఆటో వస్తే హారన్ వినపడలేదు. నేర్చుకునే ఆవిడకి చెయ్యి విరిగింది. మేడమ్ సాయంత్రందాకా ఆస్పత్రిలో ఆమె పక్కనే కూర్చుంది. ఇప్పుడు స్కూల్ ఆఫీసులో ఫారాలు నింపుతోంది."

అతను స్పానర్ కింద పడేశాడు. బానెట్ తెరిచింది తెరిచినట్టే వదిలేసి పరిగెత్తాడు.

ఆఫీసు అంటే ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడనిండా ట్రాఫిక్ గుర్తులు. లైసెన్సుకోసం వచ్చినవాళ్లు గుమ్మందాకా వరసలో నిలబడి ఉన్నారు. అతను వాళ్లను దాటుకుని వెళ్లి ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అతన్ని చూసి తడబడలేదు.

"లైసెన్సుందిగా నీకు," అంది.

"నీ చెవి సంగతి నాకు ఇవాళే తెలిసింది."

రాస్తున్న పెన్ను ఆగింది. "ఇవాళ తెలియడమేంటి? అంతా రాశానుగా ఆరోజు."

"నేను చదవలేదు."

"చదవలేదా?"

"చెరిపేశాను. నీకింకెవరో ఉన్నారనుకున్నాను." ఈ మాటతో తన తప్పు సగం తేలికవుతుందని అతను నిజంగా నమ్మాడు. "ఒట్టు, నీ చెవి వల్ల కాదు. తెలిసుంటే వదిలేవాణ్ణే కాదు."

ఆమె గొంతు పెంచకుండా, వరసలోవాళ్లకు వినపడకుండా మాట్లాడింది.

"ఈ నాలుగు నెలలూ నేనేమనుకున్నానో తెలుసా? అంతా చదివి, ఆలోచించి, చెవుడున్న పెళ్లాం ఎందుకులే అనుకున్నావని. బాగా ఏడ్చాను. తర్వాత సర్దుకున్నాను. భయపడ్డాడు, మనిషేగా అనుకున్నాను. పోనీ నా మాట మొత్తం విన్నాకే వద్దన్నాడు, అదైనా మర్యాదేనని సరిపెట్టుకున్నాను. ఇప్పుడొచ్చి అదీ లేకుండా చేశావు."

"చివర్లో ఏం రాశావు?"

"ఎందుకిప్పుడు?"

"చెప్పు. నాకు తెలియాలి."

"బుధవారం చెవి పరీక్ష ఉంది, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు రావా అని అడిగాను." పెన్ను మూత తీసింది. "వస్తావనే అనుకున్నాను. ఆస్పత్రిలో నన్ను లోపలికి పిలిచేదాకా పక్క కుర్చీమీద బ్యాగు పెట్టి, ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

వరసలో ఎవరో దగ్గారు. ఆమె ఫారం మీదికి వంగి అడ్రసు రాయడం మొదలుపెట్టింది. అతను లేచి బల్ల పక్కగా వచ్చాడు. కంగారులో ఏ పక్క నిలబడ్డాడో చూసుకోలేదు. ఇన్నాళ్లలో ఒక్కసారైనా సూటిగా అనని మాట అప్పుడన్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

ఆమె తల ఎత్తలేదు. పెన్ను సాగుతూనే ఉంది. తాను నిలబడింది ఎడమపక్కని అప్పుడు తట్టింది అతనికి. బల్ల చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి, వంగి, మళ్లీ నోరు తెరిచాడు.

"ఇంత దగ్గర్నుంచి అంటే మొదటిసారే వినపడింది," అంది ఆమె రాస్తూనే. "రెండోసారి చెప్పకు."

ఆ ఫారం పక్కన పెట్టి, వరసలో తర్వాతి మనిషిని వచ్చి కూర్చోమంది.