గురువారం ఊపిరి

మా కొండల ఊరు నారిన్‌లో ఒక పాత సినిమా హాలుంది. దాని పైనున్న ప్రొజెక్టర్ గదిని ఒమూర్కుల్ అనే పెద్దమనిషి రికార్డింగు స్టూడియోగా మార్చాడు. మంద మీద పడ్డ తోడేలుని ఒంటిచేత్తో తరిమానని గొప్పలు చెప్పుకునే మగాళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది. గురువారం చీకటి పడ్డాక ఆ మెట్లెక్కమనండి చూద్దాం… ఒక్కడికీ కాళ్ళు కదలవు.

నాకూ కదలవు. దాచుకోవడం దేనికి.

ఈ సంగతి నాకు చెప్పింది సైకాల్. కంప్యూటర్లో పాటలు కట్టేవాళ్ళకి ఏ చిక్కొచ్చినా ఈ అమ్మాయినే పిలుస్తారు. కిందటి చలికాలం రాజధాని బిష్కెక్ వెళ్ళే షేర్ టాక్సీలో, కనుమ దగ్గర మంచు తీసేదాకా బండి ఆగిపోతే చెప్పింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. ముగించేటప్పుడు మాత్రం నవ్వలేదు.

కాలిచ అని ఒక ముసలావిడ ఉండేది. తెమిర్ కొముజ్ వాయించేది — మోర్సింగ్ లాంటిదే, పళ్ళ మధ్య పెట్టుకుని వేలితో మీటాలి. మోగేది ఇనుమే గానీ, రాగం పలికించేది నోరూ ఊపిరీ. సైకాల్ ఆవిణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసింది. కీబోర్డు మీద మీట నొక్కితే అచ్చం కాలిచ వాయించినట్టే పలికే ప్లగిన్ తయారుచేసింది. స్వరానికి ముందు ఆవిడ ఊపిరి పీల్చుకునే చప్పుడు కత్తిరిద్దామని చూసింది. కత్తిరిస్తే మిగిలింది ఉత్త ఇనుము. అందుకని ఉంచేసింది.

ఆకులు రాలే కాలంలో కాలిచ పోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం, చీకటి పడుతూండగా, ఒమూర్కుల్ ఆ గదిలో ఒక్కడే లెక్చరర్‌లా కళ్ళజోడు పెట్టుకుని ఏదో పాట సర్దుతున్నాడు. ముందు ఎక్కణ్ణుంచో వేడి నూనె వాసన వచ్చింది. లైటు ఒక్కసారి మినుక్కుమంది. తర్వాత… స్పీకర్లోంచి, చెవి పక్కనే… ఒక ఊపిరి.

ఆ వెనకే ఒక స్వరం. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా అది ఆగలేదు.

గురువారం సాయంత్రం నూనె వాసన అంటే మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. పోయినవాళ్ళ కోసం రొట్టెలు వేయించే పూట అది. వాసన అందితే వాళ్ళొస్తారు. కానీ ఆ హాల్లో పొయ్యి అన్నదే లేదు. మంటలంటే భయపడి ఒమూర్కులే వద్దన్నాడు.

తర్వాతి గురువారం మళ్ళీ అదే. ఆ పైవారం కూడా. పాడటానికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. చివరికి ఒమూర్కుల్ తేల్చేశాడు: ముసలావిడ ఊపిరిని పెట్టెలో కట్టేశాం, అందుకే వెళ్ళలేక తిరుగుతోంది, ఈ శుక్రవారం పొద్దున్నే అంతా చెరిపేస్తాను, ఎవరూ నకలు కూడా ఉంచుకోవద్దు అని.

హాలు ఊడ్చే తుర్దుకాన్ కాలిచకి ఒక్కతే కూతురు. నలభై అయిదేళ్ళ మనిషి. తల్లి చప్పుడు ఆమెకి మిగిలింది ఆ ఒక్క చోటే. ఫోనులో కూడా ఒక్క ముక్క లేదు. బుధవారం సైకాల్ ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“మా అమ్మ నిజంగా అందులో ఇరుక్కుపోయిందా, అమ్మాయీ? అయితే చెరిపెయ్యి. నేను ఏడవను. లేదంటే మాత్రం ఉంచు. ఏదైనా సరే… నాకు నిజం చెప్పు.”

గురువారం నాలుగింటికే సైకాల్ ఆ గదిలో కూర్చుంది. ఒమూర్కుల్ కింద టికెట్ల గదిలో ఉండిపోయాడు. పైకి రమ్మంటే తనకి నడుం నొప్పన్నాడు.

ఈ అమ్మాయికి ధైర్యం ఎక్కువని కాదు, విసుగు ఎక్కువ. ప్లగిన్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. స్వరాల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. పాత పాటల్లో ఎక్కడైనా ఆ స్వరం దాక్కుందేమోనని అన్నీ మూసేసింది. అంతా సవ్యంగానే ఉంది. అదే ఆమెకి నచ్చలేదు.

అయిదయింది. కిటికీ నల్లబడింది.

నూనె వాసన…

లైటు మినుక్కుమంది.

ఊపిరి.

భయపడ్డానని సైకాలే ఒప్పుకుంది. అది తను రికార్డు చేసిన ఊపిరే. ఆ రోజు కాలిచ కళ్ళు మూసుకుని పీల్చిన ఊపిరి. పారిపోదామని లేచి కూడా… కీబోర్డు వైపు చూసింది. దాని చిన్న ఎర్రదీపం ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. వెలిగిన మరుక్షణం ఇంకో ఊపిరి.

ఆమె చప్పుడు కాకుండా, నూనె వాసన వెంట వరండాలోకి వెళ్ళి, చీపుర్లు పెట్టుకునే పక్కగది తలుపు తోసింది.

లోపల తుర్దుకాన్ నేల మీద కూర్చునుంది. ముందర కరెంటు పొయ్యి, మూకుడు, పళ్ళెంలో అప్పటికే మూడు రొట్టెలు. చెంపలు తడిగా ఉన్నాయి.

“ఆయనకి చెప్పకు,” అంది గుసగుసగా. “ఇంట్లో వేయిస్తే అమ్మ ఇంటికొస్తుంది. కానీ అమ్మ ఊపిరి ఇక్కడుంది కదా… పిలిస్తే పలుకుతోంది, అమ్మాయీ. వింటున్నావుగా.”

పొయ్యి వైరు గోడలో కన్నంగుండా స్టూడియోలోకి పోయింది. అక్కడ కీబోర్డుకి కరెంటు ఇచ్చే డబ్బా, ఈ పొయ్యి, రెండూ ఒకే ప్లగ్గు పెట్టెలో ఉన్నాయి. పొయ్యి వెలిగినప్పుడల్లా కరెంటు ఒక్క క్షణం పడిపోతుంది. కీబోర్డు చచ్చి బతుకుతుంది. బతుకుతూ ఒక మీట నొక్కినట్టు కంప్యూటర్‌కి తప్పుడు కబురు పంపుతుంది. వదిలినట్టు మాత్రం చెప్పదు. అందుకే స్వరం ఆగదు.

అబద్ధం చెబితే తుర్దుకాన్ సంతోషిస్తుందని సైకాల్‌కి తెలుసు. కానీ ఆవిడ అడిగింది నిజం.

“అక్కా, పొయ్యి ఆర్పు. మళ్ళీ వెయ్యి.”

తుర్దుకాన్ ఆర్పింది. వేసింది. గోడ అవతల ఊపిరి వినిపించింది. మళ్ళీ ఆర్పింది, వేసింది. ఊపిరి. నాలుగోసారికి ఆమె చెయ్యి పొయ్యి మీట మీదే ఉండిపోయింది.

“అయితే అమ్మ వెళ్ళిపోయింది,” అంది. “ఎప్పుడో వెళ్ళిపోయింది.”

శుక్రవారం పొద్దున సైకాల్ కీబోర్డు ప్లగ్గు మార్చి, తప్పంతా పాత వైరింగుదని ఒమూర్కుల్‌కి చెప్పింది. పొయ్యి మాట ఎత్తలేదు. ఆయన నడుం నొప్పి వెంటనే తగ్గింది. చెరపడం మానేశాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకుని, ఇంతేనా అన్నాను. సైకాల్ టాక్సీ అద్దం మీద పేరుకున్న ఆవిరి తుడుస్తూ కూర్చుంది.

తర్వాతి గురువారం అయిదింటికి ఫోనొచ్చిందట. తుర్దుకాన్. వెనక నూనె చిటపటలు.

“ఈ వారం ఏమీ వినపడలేదు, అమ్మాయీ.”

“వినపడదక్కా. ప్లగ్గు మార్చాను కదా.”

“అది పొయ్యి పనేనని నాకు తెలుసు. నా చేత్తోనే చూశాను.” మూకుడులో రొట్టె తిరగేసిన చప్పుడు. “ఏ వైరు ఎందులో ఉండేదో… ఒక్కసారి చెప్పు.”

సైకాల్ చెప్పింది. కీబోర్డు నల్లవైరు, ప్లగ్గు పెట్టెలో కింది నుంచి రెండో కన్నం. అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది, అడుగులు మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఫోను పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు. పొయ్యి టక్కుమంది. తర్వాత, ఎక్కడో గోడ అవతల…

“వచ్చావా,” అంది తుర్దుకాన్. సైకాల్‌తో కాదు. “కూర్చో అమ్మా. వేడివేడిగా ఉన్నాయి.”