పసుపు అంటిన చెక్ నట్

"నన్ను ఈ సాయంత్రమే స్టేషనుకి తీసుకుపోతారటండి," అన్నాడు అబ్బులు, కుర్చీ చూపించినా కూర్చోకుండా. అమలాపురంలో ముప్ఫయ్యేళ్ళుగా జీపులు బాగుచేస్తున్న మనిషి అలా దోషిలా నిలబడటం చూస్తే డిటెక్టివ్ లక్ష్మీతులసికి బాధ కలిగింది.

దిండిలో రిసార్టు నడిపే వెంకటరాజు గారి జీపుకి అతను స్టీరింగు సర్వీసు చేసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీద స్టీరింగు తెగిపోయినట్టై జీపు బోల్తా పడింది. టూరిస్టులు చిన్న దెబ్బలతో బయటపడ్డారు గానీ, డ్రైవరు సాలమోను రెండు కాళ్ళూ విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. తప్పు మెకానిక్‌దేనని ఊరంతా తీర్పు చెప్పేసింది.

"స్టీరింగు రాడ్డు చెక్ నట్ బిగించేరా?" అని అడిగింది లక్ష్మీతులసి.

"ఆయ్. ఒకటికి రెండుసార్లు చూసుకున్నానండి. స్టీరింగు మాత్రం కాస్త ఎడమకి ఒరిగి నిలబడింది. నడపడానికి ఇబ్బంది లేదు, రెండ్రోజులు తిరిగాక తెస్తే సరిచేస్తానని రాజు గారికి చెప్పేను."

గంటలో ఆమె, అసిస్టెంటు సాకేత్ దిండిలో ఉన్నారు. ఆమె కుచ్చిళ్ళు దోపుకుని, రిసార్టు ఆవరణలోకి తెచ్చి నిలబెట్టిన జీపు కిందకి దూరింది. స్టీరింగుని చక్రాలకి కలిపే రాడ్డు గొట్టంలోంచి ఊడి వేలాడుతోంది. దాన్ని తిప్పితే స్టీరింగు నిటారవుతుంది. తిప్పాక కదలకుండా పట్టి ఉంచాల్సిన చెక్ నట్ వదులుగా ఉంది. ఆమె దాన్ని వెనక్కి జరిపి, కింది మరల్ని రుమాలుతో తుడిచింది. గ్రీజుతో పాటు పసుపు వచ్చింది.

"సర్వీసు తర్వాత బండికి పూజ చేసేరా?" అని వెంకటరాజుని అడిగింది.

"చేసేమండి. బండి మధ్యాహ్నం వచ్చింది, అయిదింటికి పూజ. పంతులు గారికి కుదరక పసుపూ బొట్టూ నేనే పెట్టేను."

"ఫొటోలున్నాయా?"

వెంకటరాజు ఫోను ఇచ్చాడు. పూజ ఫొటోలో స్టీరింగు ఎడమకి ఒరిగి ఉంది. మర్నాడు బయల్దేరేముందు తీసిన ఫొటోలో నిటారుగా ఉంది. సాకేత్ ఆమె ముఖంలోకి ఆరాధనగా చూశాడు గానీ, అతనికి ఇంకా ఏమీ అర్థం కాలేదు.

సాయంత్రం ఎస్సై గారు, అబ్బులు, సాలమోను భార్య జెస్సీ రిసార్టుకి వచ్చారు. జెస్సీ అబ్బులు ముఖం చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

"పూజ వేళకి మీ ఆయన ఎక్కడున్నారమ్మా?"

"ఇంటికొచ్చేసేరండి. పొద్దున్న టూరిస్టులు ఎక్కేకే వెళ్ళేరు."

"అయితే సాలమోను కాదు," అంది లక్ష్మీతులసి. "అబ్బులు బండి ఇచ్చినప్పటికి పసుపే లేదు. పూజ తర్వాత ఎవరో పసుపు చేత్తోనే నట్ విప్పి, రాడ్డు తిప్పి, స్టీరింగు నిటారు చేసేరు. రాడ్డు గొట్టంలో రెండు మరల మేరకే మిగిలింది. నట్ మళ్ళీ బిగించలేదు, అందుకే దారిలో రాడ్డు ఊడిపోయింది. ఆ రోజు పసుపు కలిపిన చేతులు ఇక్కడ రెండే. రాజు గారూ, అవి మీవి."

వెంకటరాజు తన అరచేతులు చూసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"వంకర స్టీరింగుతో పూజ అపశకునమనిపించింది," అన్నాడు. "ఇంతలో ఫోనొస్తే వెళ్ళి, నట్ సంగతి మరిచిపోయేను. సాలమోను పడ్డాడని విన్నాక చెప్పే ధైర్యం లేకపోయింది."

"ఆస్పత్రి ఖర్చులు పెడుతున్నారని మూడ్రోజులుగా మీకే దణ్ణాలు పెడుతున్నానండి," అంది జెస్సీ.

ఎస్సై రాజు గారిని లేవమన్నాడు. అబ్బులు తలొంచుకుని తన మోటారుసైకిల్ వైపు నడిచాడు. గెలిచిన సంతోషం అతని నడకలో లేదు. జెస్సీ వెనకాలే వెళ్ళింది.

"అన్నయ్యా, నన్ను ఆస్పత్రికి దింపుతారా? జరిగింది ఆయనకి మీరే చెప్పాలి."

అబ్బులు బండి తీశాడు. ఆమె ఎక్కి, సీటు పట్టుకోకుండా అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.