మునిచంద్ర జుట్టు

"నీ జుట్టు పక్కకు తోసుకో అప్పా. నీ చేతులు కనపడ్డంలే. నువ్వు యాడ మొదలుపెడతావో నాకెట్ల తెలిసేది?"

అమల మునిచంద్రతో అన్న మొదటి మాట ఇది. అతను బాగా నొచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి నడుము దాకా పెంచిన జుట్టు మరి. ముందు జుట్టు పెంచి, తరువాత గిటార్ నేర్చుకున్నాడని ఋత్విక్ అంటాడు గానీ, ఋత్విక్ మాటలు సగమే నమ్మాలి.

ఋత్విక్‌ది బేస్ గిటార్. వాళ్ళ నాయన తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జికి మేనేజరు. ఆ లాడ్జిలో పాత పరుపులు పడేసే గదిలోనే వీళ్ళ ప్రాక్టీసు. పరుపులు గోడలకు నిలబెడితే చప్పుడు బయటికి పోదు. రికార్డింగు కూడా అక్కడే, ఫోన్లో. పేరు కోసం వారం రోజులు కొట్టుకుని, చివరికి రిసెప్షన్లో మూలపడ్డ బోర్డు తెచ్చి డ్రమ్ములకు కట్టారు. "రూములు ఖాళీ లేవు." బ్యాండు పేరు అదే అయింది.

డ్రమ్ములు చర్చివి. అమల ఆదివారం ఆరాధనలో వాయిస్తుంది. పాస్టరు గారిని బతిమాలి సోమవారం ఆటోలో తెచ్చేది, శనివారం తిరిగి పంపేది.

తాళంలో ఆమె తొందరపడుతుందని మునిచంద్ర, అతను నిద్రపోతున్నాడని అమల. రోజూ ఇదే కీచులాట. ఇది ప్రేమేనని ఋత్విక్‌కు ఎప్పుడో అర్థమైంది. బ్యాండు చెడుతుందని నోరు మూసుకున్నాడు.

కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్ల పోటీ వచ్చింది. గెలిస్తే చెన్నైలో స్టేజీ. ఋత్విక్ పోస్టరు గీశాడు. దాని నిండా మునిచంద్ర జుట్టే, ముఖం కూడా లేదు.

పోటీకి వారం ముందు అమల చేతిలోంచి డ్రమ్ము కర్ర జారింది. మళ్ళీ జారింది.

"ఏం మే, ఈ పొద్దు నువ్వు నిద్రపోతాండావా?" అన్నాడు మునిచంద్ర.

ఋత్విక్ బయటికి వెళ్ళాక ఆమె ఎడమ మణికట్టు చూపించింది. రేగుపండంత గడ్డ. "సూది గుచ్చి పరీక్షకు పంపించినారు. చెడ్డదైతే చెయ్యి కోయాల్సి వస్తాదంట. ఇంక వాయించేది ఉండదేమో. ఋత్విక్‌కు చెప్పొద్దు."

మునిచంద్ర ఆ గడ్డనే చూశాడు. "టీ తాగుతావా?" అన్నాడు.

ఇంత రాయేంటి ఈ మనిషి అనుకుంది అమల. ఏడుపొచ్చింది.

పోటీకి ముందు రోజు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. ఉత్త నీళ్ళగడ్డ, భయం లేదు. మొదటి మెసేజ్ మునిచంద్రకే పెట్టింది. బదులుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. అంతే.

మర్నాడు స్టేజీ వెనక గదిలోకి మునిచంద్ర గుండుతో వచ్చాడు. గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.

ఋత్విక్ పోస్టరు చూశాడు, గుండు చూశాడు, కూలబడ్డాడు. "ఒక్క దినం ఆగలేవా రా?"

"మొక్కు అప్పా."

"కొండ యాడికైనా పోతాదా?"

"ఆయన వడ్డికాసులవాడు. లేట్ సేస్తే వడ్డీ నువ్వు కడతావా?"

అమలకు ఒళ్ళు మండింది. "నా రిపోర్టుకు బొటనేలు. పోటీకి గుండు. ఎవురి కష్టమూ నీకు లెక్కలే. ఈ పొద్దు వాయించేసి పోతా, మళ్ళా నాకు కనపడొద్దు."

అప్పుడే అతని తల్లి తిరుమలమ్మ చిత్రాన్నం డబ్బాతో వచ్చింది. "వాణ్ణి తిట్టబాకు పాపా. ఎవురికో చేతికి గడ్డ లేసిందంట. మంచిదని తేలిన మర్నాడే జుట్టిస్తానని మొక్కినాడంట. ఎవురికని అడిగితే సెప్పడు. నేను దువ్వుదామన్నా తాకనిచ్చేవాడు కాదు ఆ జుట్టును..."

డబ్బా అందుకోబోయిన అమల మణికట్టు దగ్గర ఆమె మాట ఆగింది. కొడుకు వైపు చూసింది. మునిచంద్ర గిటార్ తీగలు బిగిస్తున్నాడు. అవి ముందే బిగించి ఉన్నాయి.

"తినండి అందరూ," అంది తిరుమలమ్మ, నెమ్మదిగా.

జనం "గుండూ, గుండూ" అని అరిచారు. బహుమతి ఇంకెవరికో పోయింది. కానీ ఆ రోజు అతని చేతులు అమలకు చక్కగా కనపడ్డాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

సన్నటి తుంపరలో డ్రమ్ములు ఆటోలో పెడుతుంటే అడిగింది. "నోటితో చెప్పొచ్చు గదా?"

"వద్దంటావేమోనని."

"జుట్టు పాయె, ప్రైజు పాయె. ఇంకా పోయేదానికి ఏముండాది నీకు?"

"నువ్వుండావు కదా," అన్నాడు మునిచంద్ర.

అమల డ్రమ్ములకు తాడు ముడి వేసింది. తలెత్తి, "నేను యాడికీ పోను," అంది.

"మీ దేవునికి గూడా మొక్కినా."

"ఏమని?"

"ఆదివారం వస్తానని."

ఆ తరువాత ఋత్విక్‌కు చెన్నైలో ఉద్యోగం వచ్చింది. బోర్డు రిసెప్షన్‌కు తిరిగి వెళ్ళింది. బ్యాండు కథ అంతటితో సరి.

కానీ అంతకుముందు, పోటీ మర్నాడే, ఆదివారం చర్చిలో పాట మధ్యలో తలుపు తెరుచుకుంది. వానలో తడిసిన గుండుతో ఒకడు వచ్చి వెనక వరుసలో బెరుకుగా నిలబడ్డాడు. డ్రమ్ముల దగ్గర కర్ర జారి కింద పడింది.

పాస్టరు గారు వెనక్కి తిరిగారు. "చెయ్యి నొప్పా తల్లీ?"

"లేదయ్యగారూ, బాగైపోయింది," అంటూ అమల కర్ర తీసుకుని, ఈసారి కాస్త తొందరగానే తాళం అందుకుంది.